ఏ పాట నంబర్ వన్? ఏ చార్టును దేనికి నమ్మాలి?

1963 ఫిబ్రవరిలో బీటిల్స్ బృందం పాట 'ప్లీజ్ ప్లీజ్ మి' బ్రిటన్‌లో నంబర్ వన్ అయిందా, కాలేదా? న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ పత్రిక చార్టు, అంటే పాటల వారపు ర్యాంకుల జాబితా చూస్తే అయింది. మెలడీ మేకర్ పత్రిక చార్టు చూసినా అయింది. రికార్డ్ రిటైలర్ అనే వ్యాపార పత్రిక చార్టులో మాత్రం రెండో స్థానంలో ఆగిపోయింది. అక్కడ మొదటి స్థానం ఫ్రాంక్ ఐఫీల్డ్ పాటది. ఈరోజు బ్రిటన్‌లో అధికారిక చరిత్రగా చెలామణీ అవుతున్నది ఆ మూడో జాబితాయే. అప్పట్లో రికార్డ్ రిటైలర్ వివరాలు సేకరించిన దుకాణాలు మిగతా రెండు పత్రికలతో పోలిస్తే తక్కువ. అయినా 1960 మార్చి తర్వాతి కాలానికి దానినే ప్రామాణికంగా తీసుకున్నారు. అందువల్ల 2000లో బీటిల్స్ నంబర్ వన్ పాటలన్నీ ఏరి 27 పాటలతో సంకలనం వేసినప్పుడు ఈ పాటకు చోటు దక్కలేదు.

చార్టుల గురించి వాదించుకునే ప్రతి ఒక్కరూ ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. జనం ఏ పాటను ఎక్కువ ఇష్టపడ్డారో చెప్పే చార్టు ప్రపంచంలో ఎక్కడా లేదు. జనం చేసిన ఏదో ఒక పనిని, అంటే కొనడాన్నో, వినడాన్నో, చూడడాన్నో చార్టు లెక్కపెడుతుంది. దేన్ని లెక్కలోకి తీసుకోకుండా వదిలేస్తుందన్న దానిమీదే దాని విలువ ఆధారపడి ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. చార్టు ప్రతి వారం కొత్తగా, ఆసక్తిగా కనిపించాలని పెట్టే నియమాలే దాని ఖచ్చితత్వాన్ని తగ్గిస్తాయి. ఉన్నది ఉన్నట్టు లెక్కపెట్టిన చార్టేమో నెలల తరబడి కదలకుండా విసుగు పుట్టిస్తుంది. ఏ చార్టును ఎంచుకున్నా ఈ రెంటిలో ఏదో ఒకటి కొంత వదులుకోక తప్పదు.

బ్రిటన్ చార్టు: కొన్నవారి లెక్క

న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ 1952 నవంబరు 14న మొదటి చార్టు వేసింది. పత్రికలో పనిచేసే పెర్సీ డికిన్స్ ఇరవై దాకా రికార్డుల దుకాణాలకు ఫోను చేసి, ఏవి బాగా అమ్ముడవుతున్నాయో అడిగి జాబితా రాసుకున్నారు. చార్టు అనే వ్యవస్థ అంత చిన్నగా మొదలైంది. ఆ తర్వాత చాలా ఏళ్లు పత్రికకొక చార్టు. వాటన్నిటినీ కలిపి సగటు తీసి వినిపించేది బీబీసీ.

1969లో బ్రిటిష్ మార్కెట్ రీసెర్చ్ బ్యూరో రంగంలోకి దిగాక ఒకే చార్టు స్థిరపడింది. దాదాపు 250 దుకాణాలవాళ్లు చేత్తో రాసిన అమ్మకాల పుస్తకాలే దానికి ఆధారం. ఆ దుకాణాలు ఏవో రికార్డు కంపెనీలకు తెలిసిపోతే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. మనుషులను పంపి అక్కడే తమ రికార్డులు కొనిపించేవారు. 1980లో ఈ బాగోతాన్ని ఒక టెలివిజన్ కార్యక్రమం బయటపెట్టింది. 1977లో సెక్స్ పిస్టల్స్ పాట 'గాడ్ సేవ్ ద క్వీన్' రాణి సింహాసనమెక్కిన రజతోత్సవ వారంలో రెండో స్థానంలో ఆగిపోవడం మీద ఇప్పటికీ అనుమానాలున్నాయి. ఆ వారం న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ దానికి మొదటి స్థానమే ఇచ్చింది.

1983లో గ్యాలప్ సంస్థ కంప్యూటర్ పద్ధతి ప్రవేశపెట్టింది. అక్కడి నుంచి సుమారు 2004 దాకా వచ్చిన బ్రిటన్ చార్టు నా దృష్టిలో పాప్ చరిత్రలో అన్నిటికన్నా నమ్మదగినది. కారణం చాలా సాదా. దుకాణంలో డబ్బిచ్చి సింగిల్, అంటే ఒక పాట కోసం విడిగా వేసిన రికార్డు, కొంటే ఒక లెక్క. రేడియో లేదు, వెయిటేజీ లేదు, ఒక నిపుణుడి అభిప్రాయం లేదు. ఆ ఇరవై ఏళ్ల గురించి ఎవరైనా వాదిస్తే బ్రిటన్ చార్టు ముందు పెట్టి మాట్లాడవచ్చు. అయితే అది కొన్నవారి లెక్క మాత్రమే. ఆ రికార్డును ఇంటికి తీసుకెళ్లి ఒక్కసారి విని పక్కన పడేశారా, అరిగిపోయేదాకా విన్నారా అన్నది దానికి తెలియదు.

ఈ తేడా ఎంత పెద్దదో ఒక క్రిస్మస్ పాట చూపించింది. వామ్ బృందం 'లాస్ట్ క్రిస్మస్' 1984లో రెండో స్థానంతో ఆగిపోయింది. 2021 జనవరి 1 నాటి చార్టులో మొదటిసారి అగ్రస్థానానికి చేరింది. అంటే 36 ఏళ్ల తర్వాత. మధ్యలో పాట మారలేదు, జనం వినడం మానలేదు. 2014 జులైలో స్ట్రీమింగును, అంటే ఇంటర్నెట్‌లో పాటలు వినడాన్ని కూడా లెక్కలో చేర్చారు కాబట్టి, అప్పటిదాకా ఇళ్లలో మోగుతూ ఎవరి లెక్కకూ అందని వినికిడి చార్టుకు కనిపించడం మొదలైంది.

స్ట్రీమింగ్ వచ్చాక ఇంకో సమస్య తలెత్తింది. 2017 మార్చిలో ఎడ్ షీరన్ కొత్త ఆల్బమ్ విడుదలైన వారం మొదటి 20 స్థానాల్లో 16 అతనివే. జనం విన్నది అవే మరి. కానీ అలాంటి చార్టు కొత్త గాయకులను మింగేస్తుందని చార్టు తయారుచేసే కంపెనీ భయపడింది. ఆ ఏడాది జులై నుంచి ఒక ప్రధాన గాయకుడికి మూడు పాటలకు మించి చోటు లేదన్నారు. కొన్ని వారాలు చార్టులో ఉండి దిగజారుతున్న పాట స్ట్రీముల విలువను సగానికి తగ్గించే నియమం కూడా అప్పుడే వచ్చింది. 2022లో కేట్ బుష్ 1985 నాటి పాట 'రన్నింగ్ అప్ దట్ హిల్' ఒక వెబ్ సిరీస్ పుణ్యమా అని మళ్లీ జనంలోకి వచ్చినప్పుడు ఆ పాత పాటకు కూడా ఈ సగం విలువే వర్తించి, రెండో స్థానం దగ్గర ఆగింది. చార్టు కంపెనీ మినహాయింపు ఇచ్చి పూర్తి విలువ కట్టగానే జూన్ 17న నంబర్ వన్ అయింది. విన్నవారు అదే జనం, విన్న పాట అదే. నియమం సడలించాకే సింహాసనం దక్కింది.

ఇప్పటి బ్రిటన్ చార్టు కొత్త పాటలు వెతుక్కునేవారికి చాలా మంచిది. దేశం ఏం వింటున్నదో తెలుసుకోవాలనుకుంటే మాత్రం దానిలో కొంత కావాలనే దాచిపెట్టి ఉంటుంది.

బిల్‌బోర్డ్ హాట్ 100: అన్నీ కలిపిన లెక్క

అమెరికాలో బిల్‌బోర్డ్ అనే సంగీత పత్రిక వేసే హాట్ 100 మొదటి జాబితా 1958 ఆగస్టు 4న వచ్చింది. రికీ నెల్సన్ పాట మొదటి నంబర్ వన్. బ్రిటన్ చార్టుకూ దీనికీ అసలైన తేడా రేడియో. పాట ఎంత అమ్ముడైందన్న దానితోపాటు రేడియోలో ఎంత మోగిందన్నదీ మొదటినుంచీ ఇందులో భాగమే. తర్వాత డౌన్‌లోడ్లు, స్ట్రీమింగ్, వీడియోలు ఒక్కొక్కటే వచ్చి చేరాయి.

రేడియో చేరడం వల్ల మంచీ ఉంది, చెడూ ఉంది. డబ్బు ఖర్చుపెట్టకుండా, కారు నడుపుతూ, వంట చేసుకుంటూ పాటలు వినే కోట్లాది మంది ఉనికి అలా లెక్కకు వస్తుంది. కానీ రేడియోలో ఏ పాట వేయాలో నిర్ణయించేది శ్రోత కాదు, స్టేషన్‌వాళ్లు. పైగా రేడియోది నిదానం. జనం ఒక పాటను వదిలేసిన చాలా వారాల తర్వాత కూడా స్టేషన్లు దాన్ని మోగిస్తూనే ఉంటాయి.

1991కి ముందు హాట్ 100ను నమ్మేవారికి నాదొక హెచ్చరిక. అప్పటిదాకా దుకాణాల సిబ్బంది తమకు తోచిన వరుసలో చెప్పిన జాబితాలే ఆధారం. 1991 నవంబరు 30 నాటి చార్టు నుంచి దుకాణాల్లో బార్‌కోడ్ స్కాన్ చేసిన అమ్మకాలనూ, యంత్రాలు పసిగట్టిన రేడియో ప్రసారాలనూ తీసుకున్నారు. ఫలితం వెంటనే కనిపించింది. 1958 నుంచి అప్పటిదాకా ఏ పాటా 10 వారాలకు మించి మొదటి స్థానంలో లేదు. 1992లో బాయ్జ్ టు మెన్ పాట 13 వారాలు నిలిచింది. ఆ వెంటనే విట్నీ హ్యూస్టన్ పాట 14 వారాలు. 1995-96లో మరియా కేరీ, బాయ్జ్ టు మెన్ కలిసి పాడిన పాట 16 వారాలు. జనం ఉన్నట్టుండి మొండివాళ్లు అయిపోలేదు. ఒక పాటను వారు ఎంతకాలం అంటిపెట్టుకుంటారో చార్టుకు అప్పుడు తెలిసింది. దుకాణాల్లో చిన్నచూపుకు గురైన ర్యాప్, కంట్రీ సంగీతాల అసలు బలం కూడా ఈ స్కానింగ్ పద్ధతితోనే బయటపడింది.

లోపాలు అంతటితో తీరలేదు. 1998 డిసెంబరు దాకా దుకాణంలో సింగిల్‌గా అమ్మకానికి పెట్టని పాటకు హాట్ 100లో ప్రవేశమే లేదు. శ్రోతలు పూర్తి ఆల్బమ్ కొనాలన్న ఉద్దేశంతో కంపెనీలు పెద్ద పాటలను సింగిల్‌గా విడుదల చేయడం మానేశాయి. నో డౌట్ బృందం 'డోంట్ స్పీక్' రేడియో చార్టులో 16 వారాలు మొదటి స్థానంలో ఉంది. హాట్ 100లో వెతికితే దాని పేరే కనిపించదు. 90ల అమెరికా గురించి రాసేవారు, క్విజ్ తయారుచేసేవారు ఆ కాలానికి రేడియో చార్టునూ పక్కన పెట్టుకుని చూడాలి. ఒక్క హాట్ 100ను పట్టుకుంటే ఆ దశాబ్దపు ముఖ్యమైన పాటలు కొన్ని జారిపోతాయి.

2012లో దక్షిణ కొరియా గాయకుడు సై పాట 'గంగ్నమ్ స్టైల్'కు ప్రపంచమంతా ఊగింది. ఆ డిసెంబరులో యూట్యూబ్‌లో వంద కోట్ల వ్యూస్ దాటిన మొదటి వీడియో అదే. హాట్ 100లో మాత్రం ఏడు వారాలు రెండో స్థానంలోనే ఉండిపోయింది. అప్పటికి యూట్యూబ్ వ్యూస్ లెక్కలో లేవు, రేడియో స్టేషన్లేమో కొరియా భాషా పాటను అంతగా వేయలేదు. కొన్ని నెలలకు, 2013 ఫిబ్రవరిలో యూట్యూబ్‌ను చేర్చారు. చేర్చిన వారమే 'హార్లెమ్ షేక్' నేరుగా మొదటి స్థానంలో దిగింది.

ఒకే వినికిడి, రెండు ఫలితాలు

వెయిటేజీ ఎలా పనిచేస్తుందో ఒక ఊహాజనిత లెక్కతో చూద్దాం. మొదటి పాటను ప్రకటనలతో వచ్చే ఉచిత సేవల్లో 60 లక్షల సార్లు విన్నారు. రెండో పాటను నెలవారీ చందా కట్టినవారు 15 లక్షల సార్లు విన్నారు. అమ్మకాలు, రేడియో రెండింటికీ లేవనుకుందాం.

బ్రిటన్ 2018లో తెచ్చిన సూత్రంలో చందాదారుల 100 స్ట్రీములు ఒక అమ్మకంతో సమానం. ఉచితమైతే 600 కావాలి. మొదటి పాటకు 10,000 అమ్మకాలు, రెండో పాటకు 15,000 వస్తాయి. రెండోదే గెలుపు. అదే ఏడాది హాట్ 100 పెట్టుకున్న సూత్రంలో చందాదారు వింటే ఒక పాయింటు, ఉచితంగా వింటే మూడింట రెండు వంతుల పాయింటు. మొదటి పాటకు 40 లక్షల పాయింట్లు, రెండో దానికి 15 లక్షలు. మొదటిది సునాయాసంగా గెలుస్తుంది. వినికిడి ఏ మాత్రం మారలేదు, విజేత మారిపోయాడు.

ఈ అంకెలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి. వాటిమీద గొడవా ఎప్పుడూ ఉంటుంది. ఉచిత వినికిడికి తక్కువ విలువ కట్టడం అన్యాయమంటూ, 2026 జనవరి తర్వాత బిల్‌బోర్డ్‌కు తన లెక్కలు ఇవ్వనని 2025 డిసెంబరులో యూట్యూబ్ ప్రకటించింది. డబ్బు కట్టగలిగినవారి చెవికి ఎక్కువ విలువ ఇవ్వాలా అన్న ఈ ప్రశ్న ఎక్కువమంది ఉచితంగానే వినే మన దేశంలో మరీ ముఖ్యమైనది.

అభిమానుల సంగతి

అభిమాన సంఘాలు పట్టుబట్టి కొంటే చార్టు తప్పవుతుందా? కాదు. ఆ కొనుగోళ్లు నిజమైనవే. 2009 క్రిస్మస్‌కు బ్రిటన్‌లో ఒక టీవీ పోటీ విజేత పాటను ఓడించాలని జనం ఉద్యమంగా కొని, రేజ్ అగెయిన్‌స్ట్ ద మెషీన్ బృందం 1992 నాటి పాటను నంబర్ వన్ చేశారు. లెక్క పక్కా. అయితే అది కొలిచింది విస్తృతిని కాదు, తీవ్రతను. 2023 ఏప్రిల్‌లో కొరియా బృందం బీటీఎస్ గాయకుడు జిమిన్ పాట 'లైక్ క్రేజీ' హాట్ 100లో మొదటి స్థానంలో అడుగుపెట్టి మరుసటి వారమే 45కి వెళ్లింది. ఆ మొదటి స్థానం దొంగది కాదు. కానీ అమెరికా వీధుల్లో ఆ పాట ఎంత వినిపించిందో చెప్పేది ఆ రెండో అంకె.

అందుకే ఒక పాట చేరిన అత్యున్నత స్థానం కన్నా అది ఎన్ని వారాలు నిలిచిందన్నదే నాకు ముఖ్యం. శిఖరాన్ని ఒక్క వారం కష్టపడి తాకవచ్చు. ఇరవై వారాలు జనం మధ్య ఉండడం ఏ ప్రచారంతోనూ సాధ్యం కాదు.

కాలాలను కలిపి పోల్చడం కూడా మానుకోవాలి. 1964 ఏప్రిల్‌లో బీటిల్స్ హాట్ 100లో మొదటి అయిదు స్థానాలూ ఆక్రమించింది. 2022 నవంబరులో టేలర్ స్విఫ్ట్ మొదటి పదీ ఆక్రమించింది. మొదటి సందర్భంలో ఒక్కో పాటకూ దుకాణానికి వెళ్లి విడిగా రికార్డు కొనాలి. రెండో సందర్భంలో ఆల్బమ్ మొదలుపెట్టి వదిలేస్తే పాటలన్నీ వరుసగా చార్టుకెక్కుతాయి. రెండూ గొప్పవే, ఒకే తక్కెడలో వేయదగినవి మాత్రం కావు.

స్పాటిఫై, యూట్యూబ్: పచ్చి అంకెలు

స్పాటిఫై రోజువారీ చార్టులో నాకు నచ్చేది పారదర్శకత. పాట పక్కనే స్ట్రీముల సంఖ్య ఉంటుంది, రేడియో ఊసు లేదు. 30 సెకన్లు వింటేనే స్ట్రీము. ఈరోజు ఏది పైకి వస్తోందో తెలుసుకోవడానికి దీనికి మించినది లేదు. కానీ స్పాటిఫై వాడనివారెవరూ ఇందులో ఉండరు. మన దేశంలో ఆ సేవ 2019లో గానీ రాలేదు, వాడేవారిలో నగరాల యువతే ఎక్కువ. ప్రపంచ చిత్రం కావాలంటే బిల్‌బోర్డ్ 2020 సెప్టెంబరులో మొదలుపెట్టిన గ్లోబల్ 200 మెరుగు. 200కు పైగా దేశాలు, ప్రాంతాల స్ట్రీమింగ్, అమ్మకాలు కలుపుతుంది, రేడియోను కలపదు. అమెరికాను మినహాయించిన జాబితా కూడా విడిగా ఇస్తుంది. కొరియా, స్పానిష్ పాటల అభిమానులు హాట్ 100తో కుస్తీ పట్టేకన్నా దీన్ని చూడడం మేలు.

యూట్యూబ్ విషయంలో 2019 ఒక మలుపు. ఆ జులైలో బాద్షా పాట 'పాగల్' 24 గంటల్లో 7.5 కోట్ల వ్యూస్ తెచ్చుకుని రికార్డు అన్నారు. అందులో ప్రకటనల రూపంలో కొన్న వ్యూస్ చాలా ఉన్నాయని తేలడంతో యూట్యూబ్ ఆ రికార్డును గుర్తించలేదు. సెప్టెంబరులో నిబంధనే మార్చింది. ప్రకటనల ద్వారా వచ్చిన వ్యూస్‌ను తన సంగీత చార్టుల్లో, 24 గంటల రికార్డుల్లో లెక్కించనని చెప్పింది. వీడియో కింద కనిపించే సంఖ్యకూ, చార్టులో లెక్కకు వచ్చే సంఖ్యకూ తేడా ఉంటుందన్న మాట. ఇక 'ట్రెండింగ్ నంబర్ వన్' అనే మాటకు ఆధారమైన ట్రెండింగ్ పేజీనే 2025 జులైలో యూట్యూబ్ ఎత్తేసింది.

మన పాటలకు ఏది?

మన దేశంలో పాటలకు వరుస సంఖ్యలిచ్చే అలవాటు పాతదే. రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ నడిపిన పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా 1952 డిసెంబరు 3న మొదలైంది. బ్రిటన్ మొదటి చార్టు వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. ర్యాంకులిచ్చే పద్ధతి కొంత తర్వాత వచ్చింది. రికార్డుల అమ్మకాలు, శ్రోతల సంఘాల లేఖలు దానికి ఆధారం. అదంతా హిందీ పాటలకే. 2021లో వచ్చిన ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ సంస్థ టాప్ 20 విదేశీ పాటలకు పరిమితం. 2022 ఫిబ్రవరిలో మొదలైన బిల్‌బోర్డ్ ఇండియా సాంగ్స్ అన్ని భాషలకూ కలిపి 25 స్థానాలే ఇస్తుంది.

అన్ని భాషలకూ ఒకే జాబితా అన్నప్పుడు జనాభా లెక్క కూడా చూడాలి. 2011 జనగణనలో హిందీ మాతృభాషగా చెప్పినవారు 52 కోట్లకు పైగా, తెలుగు చెప్పినవారు 8 కోట్లకు పైగా. భారత జాబితాలో ఒక తెలుగు పాట పదిహేనో స్థానంలో ఉందంటే, తెలుగువారిలో దాని పట్టు ఆ అంకె చెప్పేదానికన్నా చాలా ఎక్కువని అర్థం. పెళ్లి ఊరేగింపులో బ్యాండు వాయించే పాట, వినాయక చవితి పందిరిలో మైకులో మోగే పాట, ఆటోలో డ్రైవరు పెట్టుకునే పాట ఏ చార్టులోనూ లేవు. పాట జనంలోకి వెళ్లిందని మనం అనేది వీటిని చూసే కదా.

ఒకే సినిమా పాట లిరికల్ వీడియోగా ఒకసారి, పూర్తి వీడియోగా ఇంకోసారి, జూక్‌బాక్సులో మరోసారి, హిందీ, తమిళ, కన్నడ, మలయాళ అనువాదాలుగా విడివిడిగా వస్తుంది. పోస్టరు మీద అంకె పెద్దగా కనిపించాలంటే అన్నీ కూడతారు, తెలుగులో రికార్డు అనాలంటే ఒక్కటే తీసుకుంటారు. ఏది కూడారో పోస్టరులో రాయరు. అందుకని విడుదలైన రోజు అంకెల మీద నాకు గురి లేదు. మూడో వారంలో యూట్యూబ్ వారపు చార్టు తెరిచి, ఆ పాట ఇంకా అక్కడ ఉందో లేదో చూడండి. సినిమా థియేటర్ల నుంచి వెళ్లిపోయాక కూడా ఉంటే ఆ పాట గురించి ఎవరితోనైనా ధైర్యంగా వాదించవచ్చు.